చేనికి పోయే మా ఆడవాళ్లను ఏ గడిలో రాస్తారు?

భారత జనగణన కమిషనర్ గారికి వేంపల్లె నుంచి బహిరంగ లేఖ



2021లో జరగాల్సిన జనాభా లెక్క ఆగిపోయి, 2025 జూన్ 16న గెజిట్‌లో ప్రకటన వచ్చాక గానీ తేదీ ఖాయం కాలేదు. 2027 ఫిబ్రవరిలో మీ ఎన్యూమరేటర్లు, మంచు కురిసే ప్రాంతాలు తప్ప దేశంలోని మిగతా ఊళ్లతో పాటు మా ఊరికీ వస్తారు. 2011లో బడిలో చేరిన పిల్ల ఈపాటికి డిగ్రీ ముగించి ఉంటుంది. ఇంత ఎడం వచ్చింది కాబట్టి, వచ్చే ముందే మా ఊరి గురించి మీతో కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

కడప జిల్లాలో, పులివెందుల నియోజకవర్గంలో, పాపాఘ్ని ఒడ్డున ఉన్న మండల కేంద్రం వేంపల్లె. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఆ హోదా వచ్చింది. కడప నుంచి పులివెందులకు పోయే దారి, ఎర్రగుంట్ల నుంచి రాయచోటికి పోయే దారి మా ఊళ్లోనే కలుస్తాయి. 2011 లెక్కల్లో మీ శాఖ మమ్మల్ని ‘సెన్సస్ టౌన్’ కింద రాసింది. అప్పుడు మమ్మల్ని పాలించేది మాత్రం మేజర్ పంచాయతీ. మీ పుస్తకంలో పట్టణం, పాలనలో పల్లె.

ఒక ఊరికి ఆ పేరు పెట్టడానికి మీకు మూడు షరతులున్నాయి. జనాభా 5,000కు తగ్గకూడదు. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఊళ్లోని మగ ప్రధాన పనివాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదానిలో మగవాళ్లను మాత్రమే చూస్తారు. ఆ ఊరి ఆడవాళ్లు ఏ పని చేసి బతుకుతున్నారన్నది ఊరు పట్టణమా పల్లెనా అని తేల్చేటప్పుడు లెక్కలోకే రాదు. ఈ ఉత్తరం రాయడానికి ఆ షరతే కారణం.

పొద్దున ఆరు కొట్టక ముందే మా నాలుగు రోడ్ల కూడలికి వచ్చి చూడండి. ఆటోలు బారుగా నిలబడి ఉంటాయి. ఒక్కో ఆటోలో పట్టేదానికన్నా ఎక్కువమంది ఆడవాళ్లు ఎక్కుతారు. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, తలకు తువ్వాల, ఒళ్లో సద్ది క్యారియర్, కాళ్ల దగ్గర నీళ్ల క్యాను. ముఠా మేస్త్రీ ఫోన్లో రైతుతో మాట్లాడి, ఏ ఆటో ఏ చేనికి పోవాలో చెబుతూ ఉంటాడు. టమేటా కోతకు కొందరు, ఉల్లి నాటుకు కొందరు, కాలాన్ని బట్టి చెనిక్కాయ పీకడానికో కలుపుకో ఇంకొందరు. ఆ ఆటోలన్నీ కదిలిపోయిన గంటకు అంగళ్ల షట్టర్లు లేస్తాయి. ఎరువుల అంగడి, సెల్‌ఫోన్ రిపేరు, వెల్డింగ్ షాపు, టీ బంకు, బస్టాండులో పండ్ల బండి. వాటిలో కూర్చునేది మగవాళ్లు. మీ మూడో షరతు మా ఊళ్లో చూసింది ఈ రెండో గంటనే. ఆరు గంటలకు పోయిన ఆటోలు ఆ లెక్కలో లేవు.

అంగట్లో కూర్చున్న ఆ మనుషుల్లో చాలామందికి రెండెకరాలో మూడెకరాలో చేను ఉంది. వాళ్లు అంగడి తెరిస్తే చేను చూసుకునేది ఇంట్లో ఆడమనిషి. కరెంటు ఏ రాత్రి వస్తే ఆ రాత్రి మోటరు ఆన్ చేసేది, డ్రిప్పు పైపు తెగితే ముడేసేది, బర్రెకు మేత కోసుకొచ్చేది ఆమె. మా చుట్టుపక్కల వాన చేలల్లో చెనిక్కాయ, నల్లరేగడిలో శనగ, బోర్ల కింద అరటి, చీనీ, టమేటా. నీళ్ల కోసం వెయ్యడుగుల దాకా బోరు దింపినవాళ్లున్నారు. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి ముంబై రేవుకు అరటి రైలు కదిలినప్పుడు పేపర్లన్నీ రాశాయి. మా సీమ అరటి సముద్రం దాటిందని మేమూ సంతోషపడ్డాం. ఆ గెలల వెనక ఎవరి పని ఎంత ఉందో చెప్పే పట్టిక మాత్రం ఎక్కడా కనబడలేదు.

మా నేలను కొలవడం, లెక్క రాయడం చాలా పాత సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. 1807 దాకా ఉన్నాడు. 33 అడుగుల గొలుసుతో చేను చేనునూ కొలిపించి, నంబరు వేయించి, ఏ రైతు ఎంత శిస్తు కట్టాలో రాయించాడు. మా వైపు ఆయనను జనం దేవుడి కథలో కూడా కలుపుకున్నారు. మా ఊరికి దగ్గరలో పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే గండి దగ్గర వీరాంజనేయస్వామి గుడి ఉంది. శ్రావణ మాసంలో శనివారాలు అక్కడ ఇసుక వేస్తే రాలదు. రాముడు లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ రెండు కొండల మధ్య కట్టిన బంగారు తోరణం మన్రోకు కనబడిందని, అది కనబడినవాళ్లు ఎక్కువ కాలం బతకరని చెప్పుకుంటారు. ఆయన 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయాడు. మన్రో లెక్కకు కావలసింది శిస్తు కట్టే మనిషి. ఆ చేనిలో కలుపు తీసేది ఎవరన్నది శిస్తుకు అక్కర్లేదు. రెండు వందల ఏళ్ల తర్వాత మీ లెక్కకూ అక్కర్లేకపోతే మాత్రం నాకు బాధగా ఉంటుంది.

రాళ్ల విషయంలో మా ఊరికి ఈ అన్యాయం జరగలేదు. భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో ఒక శిలాశ్రేణికి మా ఊరి పేరు పెట్టాడు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్రవేత్త అయినా దాన్ని వేంపల్లె ఫార్మేషన్ అనే అంటాడు. సుమారు 190 కోట్ల ఏళ్లకు పైబడిన డోలమైటు అది. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన గుర్తులు అందులో ఉన్నాయి. పక్కన వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం దొరికింది ఆ రాతిలోనే. ఆ గని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. రాతి పొరలను అంత ఓపికగా విప్పి చూసిన దేశం మా ఇళ్లలోని మనుషులనూ అలా చూడగలదన్న నమ్మకంతోనే రాస్తున్నాను.

మీ శాఖ చరిత్రలోనే ఒక మనిషి ఉన్నాడు. ఆయన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్ మద్రాసు ప్రెసిడెన్సీకి శానిటరీ కమిషనర్. 1871 జనాభా లెక్కల నివేదిక రాసింది ఆయనే. ఆ లెక్కలో కడప జిల్లా జనం సుమారు 13.5 లక్షలు. అప్పటి జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు, కదిరి కూడా కలిసి ఉండేవి. అయిదేళ్లు తిరగకుండానే ధాత కరువు వచ్చింది. 1876లో వానలు పోయాయి. గింజ ఉన్నచోట అది కొనే శక్తి లేక మనుషులు రోడ్ల మీద రాలిపోయారు. 1877 మొదట్లో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలీని కోసేశాడు. రోజుకు ఒక పౌను గింజ, దాని మీద కాస్త చిల్లర. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని, జైల్లో ఖైదీకి ఇచ్చేదాని కన్నా తక్కువని కార్నిష్ అడ్డం తిరిగాడు. వరసగా నివేదికలు రాశాడు, వాదించాడు. చివరికి మద్రాసు ప్రభుత్వం ఆ కొలతను పెంచింది. అప్పటికే చాలామంది పోయారు. 1881 లెక్కల్లో కడప జిల్లా జనం సుమారు 11.2 లక్షలే. పదేళ్లలో రెండు లక్షల మందికి పైగా తగ్గిపోయారు. తగ్గినవాళ్లందరూ చావలేదు, దేశాలు పట్టిపోయినవాళ్లూ ఉంటారు. ఊళ్లలో పాత నుయ్యి, కూలిన గోడ చూపించి ‘ధాత కరువులో పాడుబడిన ఇల్లు’ అని ముసలివాళ్లు చెప్పడం మా తరం దాకా వచ్చింది.

కార్నిష్ సంగతి నాకెందుకు ముఖ్యమంటే, ఆ మనుషులను ఒకసారి తల తలా లెక్క రాసినవాడు ఆయన. ఒక్కో జిల్లాలో ఎంతమంది పనివాళ్లు, ఎంతమంది పిల్లలు, ఎవరు ఏ కులం, ఏ పని అని పట్టికలు కట్టినవాడు. పౌను గింజ మీద పోరాడే హక్కు ఆ పట్టికల నుంచే వచ్చిందని నేను అనుకుంటాను. మీ కుర్చీకి అలాంటి పూర్వీకుడు ఉన్నాడు.

ఇక మీ ఎన్యూమరేటరు మా ఇంటి ముందు నిలబడే రోజు గురించి. ఆయన మా బడి పంతులే అయి ఉంటాడు, మంచివాడే. ఇంటి పెద్దను అడుగుతాడు. ఆయన ‘మా ఆడోళ్లు ఇంట్లోనే సార్’ అంటాడు. నలుగురిలో అలా చెప్పడం ఆయనకు మర్యాద. ఆడమనిషినే అడిగినా జవాబు మారదు.

‘ఏం పని చేస్తావమ్మా?’

‘పనేముంది సార్, ఇంట్లోనే ఉంటా.’

‘చేనికి పోవా?’

‘పోకపోతే ఎట్లా సార్? దినామూ పోతా. అదీ ఒక పనేనా?’

మీ సూచనల పుస్తకం ప్రకారం అది పనే. సొంత చేనిలో, జీతం లేకుండా చేసినా పనిగానే రాయాలి. కానీ రెండో ప్రశ్న అడగకపోతే మొదటి జవాబు దగ్గరే ఆమె ‘పని చేయనివారు’ గడిలో పడిపోతుంది. వచ్చే పదేళ్ల పాటు ప్రతి పథకంలో, ప్రతి నివేదికలో ఆమె పని చేయని మనిషే. రైతుగా గుర్తింపు అడగడానికి పోతే చూపించడానికి పట్టా ఎటూ ఆమె పేరున ఉండదు, మీ లెక్కలో కూడా లేకపోతే ఇక ఎక్కడ ఉన్నట్టు?

ఇంకొక గీత కూడా ఉంది. ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు పని ఉంటేనే ప్రధాన పనివారు. తగ్గితే మార్జినల్ కింద రాస్తారు. మాది వాన నమ్ముకున్న నేల. చెనిక్కాయ వేసినాక పైరు మీద ఉండగా వాన ముఖం చాటేస్తే ఆ ఏడాది కూలిమనిషికి ఆరు నెలల పని దొరకదు. ఆమె తప్పేమీ లేకుండానే ప్రధాన గడిలో నుంచి జారిపోతుంది. సేద్యగాడు కూడా అంతే. అప్పుడు మిగిలిన ప్రధాన పనివాళ్లలో అంగళ్లవాళ్లు, డ్రైవర్లు, ఉద్యోగులు ఎక్కువ శాతం అవుతారు. అంటే కరువు వచ్చిన కొద్దీ మా ఊరు మీ లెక్కలో మరింత పట్టణం అవుతుంది. ఇది ఒక్క వేంపల్లె సంగతి కూడా కాదు. 2011లో కడప జిల్లా జనంలో సుమారు మూడో వంతు పట్టణ జనాభా అని తేలింది. ఆ మూడో వంతులో మా లాంటి ఊళ్లు ఉన్నాయి. పొద్దున చేనికి పోయి, సాయంత్రం టౌనుకు వచ్చే ఊళ్లు.

పట్టణమంటే మాకు కోపమేమీ లేదు. మురుగు కాలువలు, వీధి దీపాలు, తాగునీళ్ల పైపులు పట్టణానికి తగ్గట్టు కావాలి. పంచాయతీ నిధులతో ఇంత ఊరికి అవి అందవు. కానీ ఉపాధి హామీ పని పల్లెలకే ఇస్తారు. రేపు ఊరి హోదా మారితే ఎండాకాలం ఆ పనిని నమ్ముకున్న ఆడవాళ్లు ఏం చేయాలి? వాళ్లు ఎంతమందో ముందు తెలిస్తే కదా ఆ మాట ఎవరైనా ఆలోచించేది.

లెక్కలో అసలు లేనివాళ్ల గురించి చెబుతాను. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఇది మరీ ఎక్కువ, మా ఊళ్లోనూ ఉంది. కువైట్ పోయినవాళ్లు. మగవాళ్లు డ్రైవర్లుగా పోతారు. ఆడవాళ్లు ఇంటి పనికి పోతారు, ఆ పనిని ఖద్దామా అంటారు. పిల్లలను అవ్వ దగ్గర వదిలి, ఏజెంటుకు అప్పు చేసి కట్టి, అక్కడ ఎవరి ఇంట్లోనో వంట చేసి నెల నెలా డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో ఇక్కడ స్లాబు పడుతుంది, బోరు పడుతుంది, కూతురి పెళ్లి అవుతుంది. ఎన్యూమరేషన్ జరిగే రోజులన్నీ ఊళ్లో లేని మనిషిని ఆ ఇంటి లెక్కలో రాయకూడదని మీ నియమం. నియమం ఎందుకో నాకు తెలుసు, ఒకే మనిషిని రెండు చోట్ల రాయకూడదు. దేశం లోపల తిరిగేవాళ్లకు అది సరిపోతుంది. కువైట్‌లో ఉన్నామెను మీరు ఇంకే ఊళ్లోనూ రాయరు. చక్రాయపేట నుంచి వేంపల్లెకు కోడలిగా వచ్చిన మనిషికి మీ ఫారంలో వలస గడి ఉంది, ‘పెళ్లి’ అని కారణం కూడా ఉంది. వేంపల్లె నుంచి సముద్రం దాటిన మనిషికి గడే లేదు. కేరళ 1998లో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ద్వారా మొదలుపెట్టి వలస సర్వేలు చేయించుకుంటోంది. గల్ఫ్‌లో ఎవరికి ఏ ఆపద వచ్చినా ఎంతమంది, ఏ జిల్లావాళ్లు అని చెప్పగలుగుతోంది. మాకు అది లేదు. ప్రతి ఇంట్లో ఒక్క ప్రశ్న చాలు: ‘ఈ ఇంటి మనిషి ఎవరైనా బయటి దేశంలో ఉన్నారా? ఆడా, మగా, ఏ దేశం?’ జనాభాలో కలపకండి. పక్కన రాసి పెట్టండి.

దీనికి సరిగ్గా ఎదురు సంగతి మా మండలంలోనే ఉంది. ఇడుపులపాయలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ హాస్టళ్లలో పదో తరగతి దాటిన పిల్లలు వేలమంది ఉంటారు. చాలా జిల్లాల నుంచి వచ్చిన పల్లెటూరి పిల్లలు, మెరికలు. నియమం ప్రకారం వాళ్లను సంస్థాగత గృహం కింద మా మండలంలోనే రాస్తారు. తప్పు కాదు. కానీ ఆ పిల్లలు కలవడం వల్ల మండలం చదువు శాతం, పదహారు నుంచి ఇరవై రెండేళ్ల వయసువాళ్ల సంఖ్య ఉన్నదానికన్నా పెద్దగా కనబడతాయి. కూలి ఆటో ఎక్కే నలభై ఏళ్ల ఆమె వేలిముద్ర ఆ సగటులో మునిగిపోతుంది. అందుకే హాస్టలు పిల్లల అంకెలు తీసేసి, ఊరివాళ్ల అంకెలు వేరే పట్టికగా ఇమ్మని అడుగుతున్నాను.

ఈసారి కులం కూడా అడుగుతారు. 1931 తర్వాత జనాభా లెక్కల్లో అందరి కులమూ లెక్కపెట్టడం ఇదే మొదలు. మా ఊళ్లో ముస్లిముల ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల లోపలి బతుకు ఎలా ఉంటుందో తెలియాలంటే మా ఊరి రచయిత వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలు చదవండి. ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఇచ్చింది. ఎన్యూమరేటరు ‘ముస్లిం’ అని రాసి ఊరుకుంటే చాలదు. షేక్, సయ్యద్, పఠాన్ ఉన్నారు, దూదేకుల ఉన్నారు. దూదేకులను నూర్‌బాషా అనీ పింజారి అనీ కూడా అంటారు. ఒకే కులం మూడు పేర్లతో మూడు గడుల్లో పడితే ప్రతి గడీ చిన్నదై కనబడుతుంది. భాష దగ్గర కూడా తొందరపడొద్దు. ముస్లిముల ఇల్లు కాబట్టి ఉర్దూ అని అడగకుండా రాసేస్తే, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం లెక్క తప్పిపోతుంది.

మీ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులో పట్టణాల గురించి నాలుగు మాటలు రాసే చోటు ఉంది. వేంపల్లె దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కసారి కడపకు మనిషిని పంపండి. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో కడప జిల్లా కైఫీయత్తులున్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరూ తిరిగి కరణాల నోట రాసుకున్నవి. కేతు విశ్వనాథరెడ్డి గారు ఈ జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి పుస్తకం వేశారు. సినిమాల్లో చూపించే బాంబుల సీమ కన్నా మేము చాలా పాతవాళ్లం, చాలా రకాలవాళ్లం. అది అచ్చులో ఒకచోట ఉంటే మా పిల్లలు చూసుకుంటారు.

నేను అడిగేవి చేయలేనివి కావు. ఊరు పట్టణమో పల్లెనో తేల్చేటప్పుడు మగవాళ్లతో పాటు ఆడవాళ్ల పనిని కూడా కలిపి ఒక పట్టిక వేయండి. పాత షరతు మార్చకపోయినా పరవాలేదు, రెండూ పక్కపక్కన అచ్చు వేయండి. శిక్షణలో ఎన్యూమరేటర్ల చేత ‘ఏం పని చేస్తావు’ అన్న ప్రశ్నతో పాటు ‘చేనికి పోతావా, ఎన్ని నెలలు పోతావు, బర్రెను ఎవరు చూస్తారు’ అని అడిగించండి. జవాబు ఇంటి పెద్ద నోటి నుంచి కాక ఆమె నోటి నుంచే రావాలి.

చివరిగా సమయం సంగతి. ఫిబ్రవరిలో మా వైపు శనగ కోతలు ముమ్మరంగా ఉంటాయి. పొద్దున ఆరు తర్వాత వచ్చి తలుపు తడితే కూలికి పోయే ఆడమనిషి ఇంట్లో దొరకదు. ఉన్న ముసలివాళ్లు తోచింది చెబుతారు. 2027లో అదే నెల రెండో వారం నుంచి రంజాన్ ఉపవాసాలు. పొద్దుగూకే వేళ ఇఫ్తారు, ఆ తర్వాత రాత్రి తరావీహ్ నమాజు. అందుకని కూలి ఇళ్లకు రాత్రి ఏడు దాటాక, ముస్లిముల ఇళ్లకు పగలు పదకొండు, పన్నెండు మధ్య పోయేలా మా మండలం చార్జి ఆఫీసర్లకు ముందే చెప్పి పెట్టండి.

ఇట్లు,
వేంపల్లె వాసి